సరస్సు ఒడ్డున బైకుల సాయంత్రం: తాళం తీసిన దగ్గర నుంచి ఇల్లు చేరేదాకా

మే నెల వచ్చిందంటే అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బైకు నడిపే తెలుగువాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "జెనీవా-ఆన్-ద-లేక్‌లో వేసవిలో వారం వారం బైకుల సాయంత్రం జరుగుతుందట కదా, ఎలా వెళ్ళాలి? ఎక్కడ ఆపాలి? ఎప్పుడు బయటపడాలి?" బైకుల సాయంత్రం అంటే బైకులవాళ్ళంతా ఒకచోట చేరి, బండ్లు వరసగా నిలిపి, పాటలు, కబుర్లతో గడిపే వేళ. ఒక్కొక్కరికి ఫోనులో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మరచిపోతున్నాను. అందుకే అంతా వరసగా రాసి పెడుతున్నాను.

చాలామంది వెళ్ళడానికి సిద్ధమవుతారు, రావడానికి సిద్ధం కారు. వెళ్ళేది పగటి వెలుగులో, హుషారుగా. వచ్చేది చీకట్లో, చలిగాలిలో, అలసిన ఒంటితో, జింకలు రోడ్డు దాటే వేళలో. నా వరకు ఈ సాయంత్రం మొత్తాన్ని తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటాను. కింద చెప్పిన మెట్లన్నీ ఆ లెక్కలోంచి వచ్చినవే.

ఊరు తెలియనివారికి రెండు ముక్కలు. ఈరీ సరస్సు దక్షిణపు ఒడ్డున, ఆష్టబ్యులా కౌంటీలో ఉన్న చిన్న విడిది గ్రామం ఇది. క్లీవ్‌లాండ్ నుంచి తూర్పుగా సుమారు 50 మైళ్ళు. ఊరి నడివీధిని అందరూ 'స్ట్రిప్' అంటారు. అది సరస్సు వెంట సాగే 531వ నంబరు రాష్ట్ర రహదారే. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాకా ఊరికి సీజను.

## 1. ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి

కారు లైసెన్సు ఉంటే సరిపోదు. ఒహాయోలో బైకు నడపాలంటే దాని మీద మోటార్‌సైకిల్ ఎండార్స్‌మెంట్, అంటే బైకు నడిపే అనుమతి, ఉండాలి. హైదరాబాద్‌లో పదేళ్ళు బండి నడిపిన అనుభవం చేతికి పనికొస్తుంది కానీ పోలీసు ఆపినప్పుడు పనికిరాదు.

ఎక్కువమంది పొరబడేది తాత్కాలిక పర్మిట్ దగ్గర. రాత పరీక్ష పాసైతే పర్మిట్ ఇస్తారు. దానికి నాలుగు షరతులు ఉన్నాయి: పగటి వేళ మాత్రమే నడపాలి, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే పెద్ద హైవే) ఎక్కకూడదు, రద్దీ రోడ్లలోకి వెళ్ళకూడదు. హెల్మెట్, కళ్ళద్దాలు తప్పనిసరి. ఇప్పుడు బైకుల సాయంత్రాన్ని తలచుకోండి. అది రద్దీ వీధి, తిరిగి వచ్చేది రాత్రి. అంటే పర్మిట్ మాత్రమే ఉన్నవారు ఈ ప్రయాణం చేయకూడదు. ఆ వేసవికి కారులో వచ్చి చూసి వెళ్ళండి.

ఎండార్స్‌మెంట్ తెచ్చుకోవడానికి మంచి దారి రాష్ట్రం నడిపే 'మోటార్‌సైకిల్ ఒహాయో' ప్రాథమిక శిక్షణ. బండి వాళ్ళే ఇస్తారు. కోర్సు పాసైతే విడిగా నడిపి చూపించే పరీక్ష ఉండదు. వేసవి తరగతులు త్వరగా నిండిపోతాయి కాబట్టి చలికాలం ముగిసేలోపే పేరు నమోదు చేసుకోండి. మన దేశంలో ఏళ్ళ తరబడి నడిపినవారు కూడా ఈ తరగతికి వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకో తొమ్మిదో మెట్టులో చెబుతాను.

దగ్గర ఉండాల్సినవి:

- ఎండార్స్‌మెంట్ ఉన్న లైసెన్సు
- రిజిస్ట్రేషన్ కాగితం, బీమా కార్డు
- ఎండార్స్‌మెంట్ వచ్చి ఏడాది నిండకపోతే హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి అని గుర్తుంచుకోండి. అప్పుడు మీ వెనక కూర్చునేవారికి కూడా తప్పనిసరే
- అత్యవసర ఫోను నంబరు రాసిన చీటీ, పర్సులోనో జాకెట్ లోపలి జేబులోనో

బీమా దగ్గర ఒక్క మాట. ఒహాయోలో కనీస బీమా ఒకరి గాయాలకు 25,000 డాలర్లు, ఒక ప్రమాదం మొత్తానికి 50,000, ఆస్తి నష్టానికి 25,000. అది మీరు ఎదుటివారికి కలిగించే నష్టానికి. బీమా లేని కారు మిమ్మల్ని గుద్దితే మీ ఆసుపత్రి ఖర్చుకు వేరే భాగం ఉంటుంది. బైకు పాలసీలో అది ఉందో లేదో ఈ రోజే చూసుకోండి.

## 2. వారాన్ని, వేళను ఎంచుకోండి

ఏ రోజున, ఏ ప్రాంగణంలో అన్నది ఆ వేసవి ఊరి కార్యక్రమాల క్యాలెండర్‌లో చూసి ఖాయం చేసుకోండి. నిరుడు వెళ్ళిన మిత్రుడి మాట మీద బయలుదేరకండి. సెప్టెంబరులో జరిగే పెద్ద బైకుల పండగ వేరు, వారం వారం జరిగే సాయంత్రం వేరు. మొదటిసారి వెళ్ళేవారికి చిన్నదే మంచిది.

మొదటి ప్రయాణానికి జూన్ రెండో వారం నుంచి జూలై రెండో వారం మధ్య ఒక రోజు పెట్టుకోండి. జూన్ చివర్లో అక్కడ సూర్యుడు అస్తమించేది రాత్రి 9 గంటల ప్రాంతంలో. ఆ తర్వాత అరగంటదాకా వెలుగు మిగిలి ఉంటుంది. ఆగస్టు చివరికి వచ్చేసరికి 8 గంటలకే పొద్దు గూకుతుంది. అదే కార్యక్రమం, అదే దారి, కానీ ఒక గంట చీకటి ఎక్కువ.

ఇప్పుడు వెనక్కి లెక్క వేయండి. క్లీవ్‌లాండ్ తూర్పు శివార్లలో ఉండేవారికి తిరుగు ప్రయాణం గంట అనుకుందాం. పదింటికి ఇల్లు చేరాలంటే తొమ్మిదింటికి కదలాలి. తొమ్మిదింటికి కదలాలంటే ఎనిమిదిన్నరకు బండి దగ్గరికి నడవాలి, ఎందుకంటే వీడ్కోళ్ళకే పావుగంట పడుతుంది. ఆ వేళను వెళ్ళేటప్పుడే ఫోనులో అలారంగా పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాక పాటలు, కబుర్ల మధ్య ఎవరికీ టైము గుర్తుండదు.

కొలంబస్ నుంచి వచ్చేవారు ఒక వైపు మూడు గంటలు లెక్క వేసుకోండి. ఆఫీసు అయ్యాక వచ్చి, రాత్రికే తిరిగి వెళ్ళి, మర్నాడు పొద్దున మీటింగులో కూర్చోవాలన్న ఆలోచన మానుకోండి. ఆ రాత్రికి గది తీసుకోండి, లేదా మరో వారం చూడండి.

## 3. బండిని ముందురోజే చూసుకోండి

బయలుదేరే గంట ముందు టైరులో మేకు కనిపిస్తే చేసేదేమీ లేదు. అందుకని ముందురోజు సాయంత్రం ఇరవై నిమిషాలు కేటాయించండి.

1. టైర్లు. గాలి ఒత్తిడిని బండి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఇద్దరు వెళ్తుంటే పుస్తకంలో ఇద్దరికి రాసిన అంకె వేరుగా ఉంటుంది, దాన్నే పాటించాలి.
2. లైట్లు. హెడ్‌లైట్ రెండు స్థాయిలూ, వెనక దీపం, ముందు బ్రేకు నొక్కినప్పుడు ఒకసారి, వెనక బ్రేకు నొక్కినప్పుడు ఒకసారి బ్రేకు దీపం. గోడకు ఎదురుగా నిలబెట్టి హెడ్‌లైట్ ఎత్తు చూడండి. వెనక మనిషి కూర్చుంటే వెలుగు పైకి లేస్తుంది, ఎదుటివారి కళ్ళలో పడుతుంది, మీ దారి మీద పడదు.
3. బ్రేకులు. ప్యాడ్ మందం, ద్రవం మట్టం.
4. చైను. పుస్తకంలో చెప్పినంత వదులు, నూనె.
5. ఇంజను నూనె, కూలెంట్. నడివీధిలో అరగంట మెల్లగా కదలాల్సి వస్తే ఇంజను వేడెక్కుతుంది.
6. సైడ్ స్టాండు. స్ప్రింగు బిగువు, అడుగు భాగం అరుగుదల.

సైడ్ స్టాండు కింద పెట్టడానికి అరచేతి వెడల్పు గట్టి పలకో, చదునైన లోహపు బిళ్ళో సంచిలో వేసుకోండి. ఎందుకో పార్కింగ్ దగ్గర తెలుస్తుంది.

## 4. ఒంటి మీద ఏముండాలి

అనుభవం ఉన్నవారు కూడా తప్పు చేసేది ఇక్కడే. మధ్యాహ్నం ఎండ చూసి పలచటి చొక్కా వేసుకుంటారు. ఎండ తగ్గాక సరస్సు మీది గాలి చల్లబడుతుంది. గంటకు 60 మైళ్ళ వేగంతో వెళ్తుంటే ఆ చల్లదనం ఒంటికి రెండింతలుగా తగులుతుంది. వేళ్ళు బిగుసుకుపోతే క్లచ్, బ్రేకు పట్టు తప్పుతాయి.

- డాట్ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉన్న హెల్మెట్. పెద్దలకు, ఏడాది నిండినవారికి చట్టం మినహాయింపు ఇచ్చినా మీరు ఇచ్చుకోకండి. స్ట్రిప్‌లో హెల్మెట్ లేనివారు చాలామంది కనిపిస్తారు. వాళ్ళను చూసి తీయకండి.
- రంగులేని హెల్మెట్ అద్దం. పగటికి నల్ల అద్దం పెట్టుకుంటే తెల్లది సంచిలో తప్పకుండా ఉండాలి.
- మోచేయి, భుజాల దగ్గర రక్షణ ఉన్న జాకెట్, లోపల తొడుక్కోవడానికి ఒక పలచటి ఉన్ని పొర
- చేతి తొడుగులు, చీలమండను కప్పే బూట్లు
- చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు. గాలి హోరు మనిషిని తెలియకుండానే అలసిపోయేలా చేస్తుంది.
- చిన్న నీళ్ళ సీసా, మెత్తటి గుడ్డ

అద్దం సంగతి నేను అనుభవంతో నేర్చుకున్నాను. ఒక జూలై రాత్రి సంచి తెరిచి చూస్తే తెల్ల అద్దం ఇంట్లోనే ఉండిపోయింది. నల్ల అద్దంలోంచి రోడ్డు కనపడదు, తెరిస్తే పురుగులు కళ్ళలో పడుతున్నాయి. పగటి ప్రయాణంతో పోలిస్తే రెట్టింపు సమయం పట్టింది. దారిపొడుగునా ఇంట్లో ఎదురుచూస్తున్న మనిషే గుర్తొచ్చింది. వేసవి మొదట్లో సరస్సు నుంచి మన ఉసిళ్ళలా గుంపులుగా లేచే పురుగులుంటాయి. దీపం ఉన్న చోటల్లా అవే. తడిగుడ్డ లేకుండా బయలుదేరకండి. అలాగే కళ్ళ రక్షణ ఒహాయోలో నడిపేవారికి చట్టం కోరేది కూడా.

## 5. వెనక కూర్చునేవారు, పిల్లలు

మన ఊళ్ళో చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చోవడం మామూలే. ఒహాయో చట్టం ప్రకారం అది కుదరదు. సీటుకు చెరో వైపు కాలు వేసి, ముందుకు చూస్తూ కూర్చోవాలి. పాదాలు ఫుట్‌రెస్టుల మీద ఆనాలి. చున్నీ, పైట, పొడవాటి స్కార్ఫు చక్రంలోనో చైనులోనో చిక్కుకుంటాయి. వాటిని ఇంట్లో వదిలి రావాలి, లేదా జాకెట్ లోపల బిగించాలి.

వెనక కూర్చునేవారికి ముందుగా నాలుగు మాటలు చెప్పండి: మలుపులో నాతో పాటే వాలు, ఎదురు వాలకు. ఆగినప్పుడు కాళ్ళు దించకు. నేను చెప్పాకే ఎక్కు, చెప్పాకే దిగు. భుజం మీద రెండుసార్లు తడితే ఆపమని అర్థం. ఈ ప్రయాణమే వారికి మొదటిది కాకూడదు. అంతకుముందు ఇంటి చుట్టుపక్కల రెండుసార్లయినా తిప్పండి.

చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళకు నా సలహా వేరు. ఒకరు బైకు మీద, మిగతావారు కారులో రండి. జాకెట్లు, తెల్ల అద్దం, తిండి, పిల్లల సామాను కారులో. వర్షం పట్టుకుంటే బైకును అక్కడే భద్రంగా పెట్టి కారులో ఇంటికి వచ్చే వీలు కూడా ఉంటుంది. మా ఇంట్లో చాలా వేసవులు ఇలాగే గడిచాయి. బైకుకూ కారుకూ మధ్య పోటీ మాత్రం పెట్టుకోకండి. కలిసే చోటు ముందే చెప్పుకుని ఎవరి దారిన వారు రావాలి.

## 6. వెళ్ళే దారి

క్లీవ్‌లాండ్ వైపు నుంచి తేలికైన దారి ఐ-90 ఇంటర్‌స్టేట్ మీద తూర్పుగా వచ్చి, 218వ ఎగ్జిట్ దగ్గర దిగి, 534వ నంబరు రహదారి మీద ఉత్తరానికి తిరగడం. మధ్యలో జెనీవా పట్నం వస్తుంది. అక్కడే పెట్రోలు నింపుకోండి. రాత్రి తిరిగి వచ్చేటప్పుడు వెతుక్కునే పని ఉండదు. ఎగ్జిట్ నుంచి సరస్సు దాకా ఆరేడు మైళ్ళు.

సమయం ఉంటే ఎగ్జిట్ దిగాక ముందు దక్షిణానికి కొద్ది దూరం వెళ్ళి గ్రాండ్ నది మీద హార్పర్స్‌ఫీల్డ్ కప్పు వంతెన చూసి రావచ్చు. 1868లో కట్టిన 228 అడుగుల చెక్క వంతెన. బండి చెక్క మీద వెళ్తున్నప్పుడు హ్యాండిల్ కొంచెం అటూ ఇటూ అయినట్టుంటుంది. గట్టిగా పట్టుకోకండి, బ్రేకు వేయకండి, ఒకే వేగంతో నేరుగా సాగిపోండి. ఇనుప జాలీ పరిచిన వంతెనలకూ ఇదే సూత్రం. రైలు పట్టాలను వీలైనంత అడ్డంగా, సూటిగా దాటండి.

గుంపుగా వెళ్తుంటే బయలుదేరే ముందు అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి:

- గుంపు అయిదారు బండ్లకు మించకూడదు. ఎక్కువైతే రెండు గుంపులు చేయండి.
- ముందు దారి తెలిసినవారు, చివర అనుభవం ఉన్నవారు. కొత్తవారు ముందు బండి వెనకే ఉండాలి.
- ఒకే వరుస, అందులో ఎడమ ఒకరు, కుడి ఒకరు. మీకు ఏటవాలుగా ముందున్న బండికి ఒక సెకను, నేరుగా ముందున్న బండికి రెండు సెకన్ల దూరం.
- మలుపుల్లో, ఇరుకు రోడ్లలో ఒకరి వెనక ఒకరు.
- ఎర్ర దీపం మధ్యలో పడితే వెనకవాళ్ళు ఆగాలి. ముందువాళ్ళు దాటాక భద్రమైన చోట ఆగి చూస్తారు. గుంపును అందుకోవడానికి దీపం దాటడం అన్నది ఉండకూడదు.

ఆగస్టులో తూర్పు వైపు వెళ్తున్నప్పుడు మీ నీడ ముందు పొడుగ్గా పరచుకుని కనిపిస్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎదురుగా వచ్చే డ్రైవరు కంట్లో సూర్యుడున్నాడు. మీకు రోడ్డు చక్కగా కనిపిస్తోంది, వాళ్ళకు మీరు కనిపించడం లేదు. ఎడమకు తిరగబోయే ఎదురు కారు ప్రతిదానినీ మిమ్మల్ని చూడనిదిగానే లెక్క వేసి వేగం తగ్గించండి.

ఎదురుగా వచ్చే బైకు నడిపేవారు ఎడమ చేతిని కిందికి చాచి పలకరిస్తారు. వీలుంటే మీరూ చేయండి. క్లచ్ పట్టాల్సిన చోట, మలుపులో, చేయి తీయకండి. చిన్నగా తల ఊపినా అర్థం చేసుకుంటారు.

## 7. స్ట్రిప్‌లోకి రావడం, బండి ఆపడం

వీధిలో అడుగు పెట్టగానే మెల్లగా, నడక వేగానికి కాస్త పైన సాగండి. చేతిలో ఐస్‌క్రీముతో పిల్లలు ఎటు నుంచైనా వస్తారు. క్లచ్‌ను సగం పట్టి, వెనక బ్రేకు మీద తేలికగా కాలు ఉంచి, చూపు దూరంగా పెట్టండి. చూపు ముందు చక్రం మీద పడిందంటే బండి తూలుతుంది. ఈ పని రానివారు వారం ముందు ఖాళీ పార్కింగ్ స్థలంలో గంట సాధన చేయండి. ఇంజనును హోరెత్తించకండి. ఈ ఊళ్ళో ఏడాది పొడుగునా ఉండేవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి, వాళ్ళకూ పొద్దున పనులుంటాయి.

ఆపే క్రమం ఇది:

1. ముందు స్థలాన్ని ఒకసారి దాటి చూడండి. నేల వాలు ఎటుంది, గులకరాళ్ళున్నాయా, పక్క బండికి ఎంత ఎడం?
2. వెనక చక్రం కాలిబాట అంచు వైపు, ముందు చక్రం వీధి వైపు ఉండేలా వెనక్కి నెట్టి పెట్టండి. రాత్రి రద్దీలో వెనక్కి తోసుకుంటూ బయటికి రావాల్సిన బాధ ఉండదు.
3. వెనక కూర్చున్నవారు ముందే దిగాలి.
4. స్టాండు కింద పలక పెట్టండి. ఎండకు మెత్తబడిన తారులో, గడ్డి నేలలో స్టాండు మెల్లమెల్లగా దిగబడుతుంది. బండి పడేది మీరు వెళ్ళిపోయిన అరగంటకు.
5. మొదటి గేరులో ఉంచండి. హ్యాండిల్ లాక్ వేయండి.
6. వరుసలో మిగతావాళ్ళు ఏ కోణంలో పెట్టారో అదే కోణంలో పెట్టండి.

మా గుంపులో ఒకరి బండి ఇలాగే తారులో దిగబడి పక్కనున్న బండి మీదకు వాలబోయింది. అటుగా వెళ్తున్న ఎవరో పట్టుకుని నిలబెట్టి, స్టాండు కింద తమ సంచిలోని బిళ్ళ పెట్టి వెళ్ళారు. పేరు కూడా తెలియదు. అప్పటి నుంచి నేను రెండు బిళ్ళలు తీసుకెళ్తున్నాను, ఒకటి నాకు, ఒకటి లేనివారికి.

## 8. అక్కడ ఉన్నంతసేపు

మర్యాద ఒకే ఒక వాక్యంలో ఇమిడిపోతుంది: అడగకుండా ఎవరి బండినీ ముట్టుకోకూడదు. కూర్చోవడం, హ్యాండిల్ పట్టుకోవడం, పిల్లవాడిని ఎక్కించి ఫొటో తీయడం అసలు వద్దు. "మీ బండి చాలా బాగుంది, ఏ సంవత్సరానిది?" అని అడగండి. చాలామంది పావుగంట ఆనందంగా చెబుతారు, ఆ తర్వాత వాళ్ళే కూర్చోమనవచ్చు. క్లబ్బుల గుర్తులు కుట్టిన తోలు చొక్కాల వారితోనూ గౌరవంగా మాట్లాడండి. కానీ ఆ గుర్తుల గురించి ఆరా తీయకండి, వాటిని ముట్టుకోకండి, చెప్పకుండా ఫొటో తీయకండి.

పిల్లలుంటే పొగ గొట్టాల ఎత్తు వాళ్ళ పిక్కల ఎత్తే అని గుర్తుంచుకోండి. ఆపిన అరగంట దాకా అవి కాలుతూనే ఉంటాయి. బండ్ల మధ్యలోంచి కాక వరుసకు ముందు నుంచి నడిపించండి.

తిండి సంగతి. ఎడ్డీస్ గ్రిల్ 1950 నుంచి ఉన్న దుకాణం, అడుగు పొడవు హాట్‌డాగులకు పేరు. మాడ్సన్ డోనట్స్ 1938 నాటిది. ఈరీ సరస్సు పెర్చ్ చేప వేపుడు చేపలు తినేవారికి తప్పక నచ్చుతుంది. శాకాహారులకు బంగాళదుంప వేపుళ్ళు, చీజ్ పిజ్జా, డోనట్లతో గడిచిపోతుంది. కానీ కడుపు నిండా తిన్నామని అనిపించదు. మేము పులిహోర డబ్బా తీసుకెళ్తాం. ఎండలో బండి పెట్టెలో గంటలకొద్దీ ఉన్నా పాడవదు. పెరుగన్నం మాత్రం పెట్టుకోకండి, ఆ వేడికి పులిసిపోతుంది. నగదు కొంచెం చిన్న నోట్లలో ఉంచుకోండి.

ఇక మద్యం. ఈ ఊరి చుట్టూ ద్రాక్షతోటలు, వైన్ ఇళ్ళు ఎక్కువ. బైకు నడిపేవారు ఒక్క గుక్క కూడా ముట్టకూడదన్నది నా మాట. చట్టం గీత రక్తంలో 0.08 శాతం దగ్గర ఉంది. కానీ రెండు చక్రాల మీద నిలకడ అంతకన్నా చాలా ముందే తప్పుతుంది. వీసా మీద ఉన్నవారికి మరో ప్రమాదం ఉంది. 2015 నుంచి అమలవుతున్న అమెరికా విదేశాంగ శాఖ విధానం ప్రకారం, తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే వీలుంది. ఆ తర్వాత అమ్మానాన్నలను చూడటానికి ఇండియా వెళ్తే, కొత్త వీసా వచ్చేదాకా తిరిగి రాలేరు. గుంపులో ఎవరైనా తాగితే ఆ బండి ఆ రాత్రికి అక్కడే ఉండాలి, మనిషి కారులో రావాలి. ఈ నియమాన్ని బయలుదేరే ముందే అందరూ ఒప్పుకోవాలి. అక్కడికి వెళ్ళాక ఒప్పించడం కష్టం.

వాతావరణ రాడార్‌ను గంటకోసారి చూడండి. సరస్సు మీద మబ్బు కమ్మితే త్వరగా వస్తుంది. పిడుగులు పడుతుంటే చెట్టు కింద కాక భవనంలోకి వెళ్ళండి. వాన మొదలైన మొదటి పది నిమిషాలు రోడ్డు మీద నూనె పైకి తేలి బాగా జారుతుంది. ఆ సమయాన్ని లోపలే గడిపేయండి.

## 9. తిరుగు ప్రయాణం

అలారం మోగింది. ఇక ఆలస్యం చేయకండి.

కదిలే ముందు అయిదు పనులు:

- హెల్మెట్ అద్దం మార్చి, రెండు వైపులా తుడవండి
- ఉన్ని పొర తొడుక్కోండి. చలి వేశాక కాదు, ఇప్పుడే
- హెడ్‌లైట్, వెనక దీపం మీద అంటుకున్న పురుగులను తడిగుడ్డతో తీసేయండి
- నీళ్ళు తాగండి
- ఇంట్లోవారికి "బయలుదేరాం" అని సందేశం పంపండి

మీకు అలసటగా ఉందా అని నిజాయితీగా ఒకసారి చూసుకోండి. కళ్ళు మంటపుడుతున్నా, చెప్పిన మాట రెండోసారి అడుగుతున్నా, అరగంట కూర్చోండి. గుంపు మీకోసం ఆగాలి. ఆగని గుంపుతో మళ్ళీ వెళ్ళకండి.

సూర్యాస్తమయానికి ముందే కదిలితే పడమటి దిక్కుగా వెళ్ళేవారికి ముందు కుడివైపు నుంచి ఎండ కంట్లో పడుతుంది. అందుకే నేను అస్తమయం చూసి, పది పదిహేను నిమిషాల తర్వాత కదులుతాను. అప్పుడు కళ్ళకు ఎండ పోటు ఉండదు, ఆకాశంలో వెలుగు ఇంకా మిగిలి ఉంటుంది. జూన్‌లో అయితే 534 పక్కన పొలాల మీద మిణుగురులు లేస్తాయి. వాటిని చూడాలనిపిస్తే బండి ఆపి చూడండి, నడుపుతూ కాదు.

ఐ-90 చేరేదాకా ఉన్న ఆ ఆరేడు మైళ్ళే నా దృష్టిలో రాత్రి మొత్తంలో ప్రమాదకరమైన భాగం. ఒకటి, జింకలు. సంధ్యవేళ అవి కదిలే సమయం. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉంటుందనే అనుకోండి. ఎదురుపడితే పక్కకు తప్పించే ప్రయత్నం చేయకుండా, బండిని నిటారుగా ఉంచి రెండు బ్రేకులూ క్రమంగా బిగించండి. రెండు, చీకటి. గంటకు 60 మైళ్ళంటే సెకనుకు 88 అడుగులు. మీ దీపం వెలుగు పడినంత దూరంలో ఆగగలిగిన వేగమే మీ వేగం. రహదారి మీద రాసిన పరిమితి గరిష్ఠం మాత్రమే, అంత వేగంతో వెళ్ళి తీరాలని ఎవరూ అనరు.

ఇక మొదటి మెట్టులో వదిలిన మాట. మన దేశంలో నేర్చుకున్న కొన్ని అలవాట్లు అలసినప్పుడు వాటంతట అవే బయటికి వస్తాయి. వెనక బ్రేకు మీదే ఆధారపడటం అందులో మొదటిది. పెద్ద బండిలో ఆగే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంటుంది. రెండోది, ఆగిన కార్ల మధ్య నుంచి ముందుకు దూరడం. ఒహాయోలో అది కుదరదు. మూడోది హారను. అక్కడ "వస్తున్నాను" అని చెప్పే హారను ఇక్కడ తిట్టులా వినిపిస్తుంది. నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం: ఖాళీ కూడలిలో, రాత్రి, ఎడమకు తిరిగాక అలవాటుగా ఎడమ వరుసలోకి వెళ్ళిపోవడం. ప్రతి మలుపు ముందూ "కుడి పక్క" అని హెల్మెట్ లోపల పైకి అనుకోండి. నేను ఇప్పటికీ అనుకుంటాను.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, అప్పటికప్పుడు దిద్దుబాటు

గుంపు నుంచి తప్పిపోయారు. వెంటబడకండి. ముందే చెప్పుకున్న చోటికి, ఉదాహరణకు జెనీవాలో పెట్రోలు పోయించుకున్న చోటికి, మీ వేగంతో వెళ్ళండి.

వేళ్ళు చలికి కొయ్యబారాయి. భద్రమైన చోట ఆగి, ఆపిన బండి ఇంజను దగ్గర చేతులు కాచుకోండి, పొగ గొట్టాన్ని తాకకుండా. పది నిమిషాలు చాలు.

బండి పక్కకు పడిపోయింది. ముందు ఇంజను ఆపండి. కుడివైపు పడితే లేపే ముందే స్టాండును బయటికి దించి ఉంచండి, గేరులో పెట్టండి. సీటుకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, కాళ్ళ బలంతో వెనక్కి నడుస్తూ లేపండి. నడుముతో లాగకండి. పక్కవారిని సాయం అడగడానికి మొహమాటపడకండి.

ఫోను ఛార్జింగ్ అయిపోయింది, దారి తెలియదు. అందుకే మలుపులు మూడే పెట్టాను: 531 నుంచి 534 దక్షిణంగా, 534 నుంచి ఐ-90 పడమరగా, ఆ తర్వాత మీ ఎగ్జిట్. చీటీ మీద రాసి ట్యాంకు సంచిలో పెట్టుకోండి.

వాన ఆగేలా లేదు. గది తీసుకోండి, లేదా బండి వదిలి కారులో వెళ్ళండి. సీజనులో గదులు త్వరగా నిండుతాయి, అందుకని మబ్బు కనిపించినప్పుడే అడిగి పెట్టుకోవాలి.

## 11. ఇల్లు చేరాక

గుంపులో అందరికీ "చేరాను" అని సందేశం పెట్టండి. చివరి సందేశం వచ్చేదాకా ముందు బండి నడిపినవారు నిద్రపోకూడదు. మా గుంపులో దీనికి మినహాయింపు లేదు.

చైను ఇంకా వెచ్చగా ఉండగానే నూనె పెట్టండి. హెల్మెట్ అద్దం మీద తడిగుడ్డ పరచి పది నిమిషాలు వదిలేస్తే ఎండిన పురుగులు గీత పడకుండా ఊడి వస్తాయి. రెండో అద్దాన్ని, స్టాండు బిళ్ళను అప్పుడే తిరిగి సంచిలో పెట్టేయండి. పర్సులోని చీటీ వానకు తడిసి ఉంటే కొత్తది రాసుకోండి. మర్నాడు పొద్దున, బండి చల్లబడ్డాక, టైర్లను చేత్తో తడిమి చూడండి.